మత్తు వెనుక గాయం.. మాత్రకు లొంగని వైద్యం

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మానసిక వైద్య సిబ్బందికి నిరంతర శిక్షణే కీలకం

నల్లగొండ/మహబూబ్‌నగర్: 2015 సెప్టెంబరు నెల పాలమూరు పల్లెలకు చేదు జ్ఞాపకం. గుడుంబాపైనా, కల్తీ కల్లుపైనా ఆబ్కారీ శాఖ ఒక్కసారిగా ఉక్కుపాదం మోపింది. దుకాణదారులు కేసులకు జడిసి కల్లులో మత్తుమందు కలపడం మానుకున్నారు. కల్తీ ఆగింది కనుక జనం ఆరోగ్యం కుదుటపడుతుందని అంతా భావించారు. జరిగింది వేరు. రెండు మూడు రోజులు గడిచేసరికి కల్లుకు అలవాటుపడినవారు వింతగా ప్రవర్తించసాగారు. చేతులు వణకడం, నాలుక మడతపడటం, లేనివి కనిపించడం, తమలో తాము మాట్లాడుకోవడం, ఉన్నట్టుండి మూర్ఛలు రావడం మొదలయ్యాయి. మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. బాధితుల్లో కూలీలు, రైతులు, వృద్ధులు, మహిళలు ఉన్నారు.

కల్లు తాగడం వల్ల కాక, కల్లు ఆపడం వల్ల ప్రాణం మీదికి రావడమేమిటన్న ప్రశ్న నాడు ఎన్నో కుటుంబాలను కలవరపరిచింది. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో సమాధానం కొత్తది కాదు. అది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. అయితే పుస్తకంలోని సమాధానం మండల కేంద్రంలోని ఆస్పత్రి వరకు సకాలంలో చేరిందా అన్నదే అసలు ప్రశ్న. దశాబ్దం దాటినా ఆ ప్రశ్నకు పదును తగ్గలేదు. 2025 జూలైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు మరోసారి ప్రాణాలు తీసింది. పదుల సంఖ్యలో జనం అస్వస్థతకు గురయ్యారు. పరీక్షల్లో బయటపడిన మందు ఆల్ప్రాజోలం. పాలమూరు, నల్లగొండ ప్రజలకు ఈ పేరు అపరిచితమేమీ కాదు.

సీసాలో ఉన్నదేమిటి?

చెట్టు నుంచి దించిన స్వచ్ఛమైన కల్లుకు, డిపోలో తయారయ్యే మందు కల్లుకు పేరులో తప్ప పోలిక లేదు. తాటి, ఈత చెట్లు తరిగిపోయాయి. తాగేవారి సంఖ్య పెరిగింది. ఆ లోటును నీటితో, శాకరిన్‌తో, మత్తుమందుతో పూడ్చడం దశాబ్దాలుగా సాగుతున్న దందా. చెట్టెక్కి ప్రాణాలకు తెగించి కల్లు గీసే కార్మికుడికి ఇందులో దక్కేది చెడ్డపేరు మాత్రమే.

కల్తీకి ప్రధానంగా వాడుతూ వచ్చినవి మూడు మందులు. మొదటిది క్లోరల్ హైడ్రేట్. 1832లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ తయారుచేసిన ఈ పదార్థం పంతొమ్మిదో శతాబ్దిలో నిద్రమందుగా వెలిగింది. రెండోది జనం ‘డైజోఫాం’ అని పిలుచుకునే డయాజిపామ్. మూడోది ఆల్ప్రాజోలం. ఈ మూడూ మెదడులో దాదాపు ఒకే పని చేస్తాయి. నాడుల ఉద్రేకాన్ని అణచివేసే ‘గాబా’ అనే సహజ రసాయనానికి బలం చేకూరుస్తాయి. నెలలు, ఏళ్ల తరబడి ఈ బలం బయటి నుంచి అందుతుంటే మెదడు తన సొంత అదుపును సడలించుకుంటుంది. అకస్మాత్తుగా మందు ఆగిపోతే కళ్లెం తెగిన గుర్రమవుతుంది. వణుకు, చెమటలు, భ్రమలు, మూర్ఛలు దాని ఫలితమే.

ఇందులో మరో మెలిక ఉంది. ఆల్ప్రాజోలం శరీరంలో కొద్ది గంటలే నిలుస్తుంది కనుక ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే లక్షణాలు బయటపడతాయి. డయాజిపామ్ రోజుల తరబడి శరీరంలో ఉంటుంది కనుక కొంత ఆలస్యంగా బయటపడతాయి. తాను తాగిన సీసాలో ఏ మందు ఎంత ఉందో రోగికి తెలియదు. అమ్మినవాడు చెప్పడు. పైగా కాలు విరిగో, జ్వరం వచ్చో, శస్త్రచికిత్స కోసమో ఆస్పత్రిలో చేరిన వ్యక్తికి కల్లు అలవాటుందన్న విషయం ఎవరూ అడగకపోతే మూడోనాటి మూర్ఛకు కారణం అంతుచిక్కదు. పిచ్చి అనుకుని కేవలం ఉన్మాదానికి వాడే మందులిస్తే మూర్ఛల ముప్పు పెరిగే ప్రమాదమూ ఉంది. సరైన పద్ధతి ఏమిటంటే, అదే జాతికి చెందిన, ఎక్కువసేపు పనిచేసే మందును తగిన మోతాదులో మొదలుపెట్టి, వైద్యుడి కనుసన్నల్లో రోజురోజుకూ తగ్గించుకుంటూ రావడం. ఈ ఒక్క పాఠం తెలిసిన డ్యూటీ డాక్టరు ఉన్నచోట ప్రాణం నిలుస్తుంది. తెలియనిచోట గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో రోగిని తిప్పుతూ కుటుంబం కాలం కోల్పోతుంది.

ఎందుకు తాగుతున్నారు?

విషం దిగిపోయాక చికిత్స ముగిసిందనుకోవడం రెండో పొరపాటు. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన మనిషి కొన్ని వారాలకే మళ్లీ దుకాణం మెట్లెక్కడం తరచూ కనిపించేదే. అతణ్ని బలహీనుడని నిందించడం సులభం. అతడు దేన్ని మరచిపోవడానికి తాగుతున్నాడో అడగడం కష్టం.

దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు బతుకులో మరచిపోవాలనిపించే సంగతులకు కొదవ లేదు. దేశంలోని పెద్ద ఆనకట్టలెన్నింటికో మట్టి మోసిన ‘పాలమూరు లేబర్’ చరిత్ర అందరికీ విదితమే. తల్లిదండ్రులు వలస పోతే ముసలివారి దగ్గర పెరిగిన పిల్లలు, పనిచోట కళ్లముందే తోటికూలీని పోగొట్టుకున్న యువకులు, ఎండిన బోరుబావి పక్కన పురుగుమందు డబ్బాతో కనిపించిన భర్తను తొలుత చూసిన మహిళలు ఇక్కడి పల్లెల్లో ఉన్నారు. 1999-2001 మధ్య దేవరకొండ ప్రాంత తండాల్లో ఆడశిశువుల విక్రయాలు దేశమంతటా చర్చనీయాంశమయ్యాయి. బిడ్డ ఎటు వెళ్లిందన్న లెక్కను అధికారులు తీశారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మనసు ఏ లెక్కకూ ఎక్కలేదు.

మానసిక వైద్యులు ‘ట్రామా’ అని పిలిచేది దీన్నే. ప్రాణభయం, హింస, ఆత్మీయుల అకాల మరణం వంటివి మనసుపై చేసే గాయం. గాయపడిన మనసు నిద్ర పోనివ్వదు. పీడకలలు, ఉలికిపాటు, అకారణ కోపం, మనుషులకు దూరంగా జరగడం దాని లక్షణాలు. అర్ధరాత్రి నిద్రపట్టని మనిషికి పది అడుగుల దూరంలో దొరికే ఏకైక ‘మందు’ సీసా. అది నిజంగానే నిద్రపుచ్చుతుంది. అందుకే వదలదు.

ఈ బంధాన్ని అంకెల్లో చూపిన అధ్యయనం 1998లో అమెరికాలో వెలువడింది. శాన్‌డియాగోలో వేలాది మందిని వారి బాల్యంలో అనుభవించిన హింస, నిర్లక్ష్యం, ఇంట్లో కలహాల గురించి ప్రశ్నించారు. అలాంటి అనుభవాలు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాలు ఉన్నవారికి, ఏ ఒక్కటీ లేనివారితో పోలిస్తే తాగుడు, మాదకద్రవ్యాల వాడకం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు అధికమని తేలింది. బాల్యంలో తగిలిన దెబ్బ నలభై ఏళ్లకు కల్లు సీసా రూపంలో బయటపడవచ్చునన్నమాట.

ఒకే మాత్ర, రెండు దారులు

పల్లెల్లో మరో దృశ్యం పరిపాటిగా మారింది. ఇంట్లో చావు జరిగితే, ఏడుస్తున్న భార్యకో తల్లికో ‘జర నిద్ర పడితే తేరుకుంటది’ అంటూ బంధువులు నిద్రమాత్ర కోసం వెతుకుతారు. స్థానిక ప్రాక్టీషనరో, మందుల దుకాణమో ఆ అవసరం తీరుస్తుంది. ఇచ్చే మాత్ర తరచూ ఆల్ప్రాజోలం లేదా డయాజిపామ్ కుటుంబానికి చెందినదే. అంటే కల్లు దుకాణంలో నేరమైన మందు పరామర్శలో సానుభూతిగా మారుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఈ అంశంపై స్పష్టమైన మార్గదర్శకాలు వెలువరించింది. ఆత్మీయులను కోల్పోయిన దుఃఖానికి గాని, భయానక ఘటన జరిగిన తొలి నెలలో కలిగే మానసిక లక్షణాలకు గాని ఈ జాతి మాత్రలు ఇవ్వరాదని సూచించింది. అవి గాయాన్ని మాన్పవు. అలవాటును మాత్రం మిగులుస్తాయి. ఈ మార్గదర్శకాలు వచ్చి పుష్కరకాలం దాటింది. అంతకు ముందే పట్టా పుచ్చుకుని వచ్చిన వైద్యుడికి ఈ సంగతి చేరాలంటే ఉన్న దారి ఒక్కటే. అది ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా చదువు కొనసాగడం.

చట్టం ఏం చెబుతోంది?

చదువు కొనసాగాలన్న నిబంధనకు కొరత లేదు. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యకు కేటాయించాలి. 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి తెచ్చినా, అదే ఏడాది ఆగస్టులో దాన్ని పక్కనపెట్టడంతో పాత నిబంధనలే అమల్లోకి వచ్చాయి. ఐదేళ్లకు 30 గంటలంటే నెలకు అరగంట. ఆ అరగంటలో మధుమేహం, గుండె, కొత్త యాంటీబయాటిక్స్ అన్నీ పోటీపడతాయి. వ్యసనానికో, మానసిక గాయానికో ఇన్ని గంటలని విధిగా కేటాయించిన దాఖలా ఆ నియమావళిలో లేదు.

క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టం కింద ఏర్పాటైన భారత పునరావాస మండలి పరిధిలోకి వస్తారు. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వారు ఐదేళ్లలో నిర్ణీత శిక్షణ పాయింట్లు సంపాదించాలి. ఇక కౌన్సిలర్లు, సామాజిక కార్యకర్తల పరిస్థితి మరోరకం. డి-అడిక్షన్ కేంద్రంలో రోగితో ఎక్కువసేపు మాట్లాడేది వారే. వారి అర్హతలకు, శిక్షణకు ఒక జాతీయ చట్రం 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతో గాని రూపుదిద్దుకోవడం మొదలుకాలేదు.

అన్నిటికంటే బలమైనది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన ఈ చట్టంలోని 31వ సెక్షన్ ప్రభుత్వాలపై మూడు బాధ్యతలు మోపింది. ఉన్న సిబ్బంది నైపుణ్యాన్ని పెంచే శిక్షణ కార్యక్రమాలు రూపొందించాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో, జైళ్లలో పనిచేసే ప్రతి వైద్యాధికారికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలి. జనాభా నిష్పత్తి ప్రకారం నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చేందుకు పదేళ్లలోగా కృషి చేయాలి. ఆ పదేళ్ల గడువు 2028 మే నాటికి ముగుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే వైద్యాధికారికి శిక్షణ ఇప్పించడం ప్రభుత్వం చేసే దయాదాక్షిణ్యం కాదు, చట్టబద్ధమైన విధి అన్నది గమనార్హం.

రెండు శాఖలు, ఒకే రోగి

ఆచరణలో అడ్డుగోడ మరొకటి ఉంది. మానసిక ఆరోగ్యం ఆరోగ్య శాఖ కిందికి వస్తుంది. వ్యసన విముక్తి కేంద్రాల్లో అధిక భాగం కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థల ద్వారా నడుస్తాయి. మొదటివారికి నిమ్హాన్స్ వంటి సంస్థల్లో, రెండోవారికి జాతీయ సామాజిక రక్షణ సంస్థ ద్వారా శిక్షణ అందుతుంది. ఫలితంగా ఒకరికి మనసు పాఠం, మరొకరికి మత్తు పాఠం విడివిడిగా బోధిస్తున్నారు. రోగికి మాత్రం రెండూ ఒకే శరీరంలో ఉంటాయి.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే ‘ముందు తాగుడు మాన్పించుకుని రా’ అంటారు. డి-అడిక్షన్ కేంద్రంలో చేరితే తాగుడు మానడం తప్ప మరో మాట ఉండదు. పీడకలల గురించి అడిగేవారుండరు. మానిన వారం రోజులకే పాత గాయం సలపడం మొదలవుతుంది. మళ్లీ సీసా చేతికి వస్తుంది. ఈ రెండు సమస్యలకూ ఏకకాలంలో చికిత్స సాధ్యమేనని ఇతర దేశాల అనుభవం చెబుతోంది. అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త లీసా నజావిట్స్ 2002లో ప్రచురించిన విధానం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. అందులో గతాన్ని తవ్వి చెప్పించడం ఉండదు. నేటి రోజును ప్రమాదం లేకుండా గడపడం, కోపాన్ని, భయాన్ని, తాగాలన్న కోరికను తట్టుకోవడం నేర్పుతారు.

ఈ సూక్ష్మం తెలియకపోతే మేలు చేయబోయి కీడు చేసే ప్రమాదముంది. మొదటి రోజునే ‘ఏం జరిగిందో మొత్తం చెప్పు’ అని పదిమంది ముందు ఒత్తిడి చేయడం గాయాన్ని మళ్లీ రేపడమే అవుతుంది. అలాంటి రోగి రెండోసారి రాడు. రాలేదు కనుక మారే ఉద్దేశం లేదని రిజిస్టరులో రాసుకోవడం మరో అన్యాయం.

శిక్షణలు లేవా?

ఉన్నాయి. ఉన్న తీరే చర్చనీయాంశం. మానసిక వైద్యాన్ని పల్లెకు చేర్చే ప్రయత్నంలో దక్షిణాదికి ఘనమైన చరిత్ర ఉంది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. తర్వాత కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో ప్రాథమిక కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణనిచ్చి చేసిన ప్రయోగం దేశానికి నమూనా అయింది. దాని ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు రాష్ట్రాల్లో మొదలుకాగా, నాటి ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఎంపికైనది పాలమూరుకు ఎంతో దూరం లేని మెదక్ జిల్లాయే.

అయితే శిక్షణ అనగానే జిల్లా కేంద్రంలో ఒక హాలు, రెండు మూడు రోజుల ఉపన్యాసాలు, చివర్లో ధ్రువపత్రం అన్న పద్ధతి స్థిరపడిపోయింది. శిక్షణ పొందిన వైద్యుడు ఆరు నెలల్లో బదిలీ కావచ్చు. పైచదువుకు వెళ్లిపోవచ్చు. కాకపోయినా, మొదటి కష్టమైన రోగి ఎదురుపడినప్పుడు సందేహం అడగడానికి ఫోన్‌లో దొరికే మనిషి ఉండడు. ఉపన్యాసం విన్నంత మాత్రాన ఈత రాదన్నట్టు, విన్న పాఠం రోగి ముందు అక్కరకు రాదు.

ఈ లోపాన్ని సరిదిద్దే నమూనా 2003లో అమెరికాలోని న్యూమెక్సికోలో పుట్టింది. డాక్టర్ సంజీవ్ అరోరా అనే భారత సంతతి వైద్యుడు కాలేయ వ్యాధికి మారుమూల వైద్యుల చేత చికిత్స చేయించేందుకు ‘ఎకో’ పేరిట వీడియో సమావేశాలు మొదలుపెట్టారు. పల్లె వైద్యుడు తన రోగి కేసును వివరిస్తాడు. పెద్దాస్పత్రి నిపుణులు, తోటి వైద్యులు కలిసి చర్చిస్తారు. ఇది వారం వారం సాగుతుంది. బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ పద్ధతిని మానసిక వైద్యానికి, వ్యసన చికిత్సకు అన్వయించింది. 2018లో డిజిటల్ అకాడమీని ప్రారంభించి వైద్యులు, సైకాలజిస్టులు, నర్సులు, సామాజిక కార్యకర్తలకు దూరవిద్య కోర్సులు నడుపుతోంది. అంటే కొండమల్లేపల్లిలోనో, అచ్చంపేటలోనో కూర్చున్న వైద్యుడు ఉద్యోగం వదలకుండానే నేర్చుకునే దారి తెరుచుకుంది. ఆ దారిలో నడిచేందుకు సమయం, సెలవు, ప్రోత్సాహం ఇవ్వడం జిల్లా యంత్రాంగం చేతిలో ఉంది.

డిగ్రీ లేనివారూ చేయగలరు

నిపుణుల కొరత ఉందన్నది వాస్తవమే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రూపంలో చికిత్స అందింది. ఇంతటి లోటును మానసిక వైద్యులొక్కరే పూడ్చలేరు. గోవాలో జరిగిన ప్రయోగం ఇక్కడే దారి చూపుతోంది. అక్కడి 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో ఎలాంటి పట్టా లేని స్థానికులకు శిక్షణనిచ్చి, హానికరంగా తాగే పురుషులకు కొద్దిపాటి కౌన్సెలింగ్ ఇప్పించారు. మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం మంది తాగుడు ముప్పు నుంచి బయటపడగా, పొందనివారిలో ఆ సంఖ్య 26 శాతమే. అయితే ఆ కౌన్సిలర్లను శిక్షణానంతరం వదిలేయలేదు. వారి సంభాషణలను సమీక్షిస్తూ, తప్పొప్పులు చర్చిస్తూ నిరంతర పర్యవేక్షణ కొనసాగించారు. విజయ రహస్యం అదే.

ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడినవారి విషయంలోనూ ఇలాంటి నిదర్శనమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు కేంద్రాల్లో 1,867 మందిపై జరిపిన అధ్యయన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఆస్పత్రి నుంచి వెళ్లేముందు ఒక గంట మాట్లాడి, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించినవారిలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం. మామూలు చికిత్సతో ఇంటికి పంపినవారిలో 2.2 శాతం. ఖరీదైన యంత్రం లేదు. కొత్త మాత్ర లేదు. పలకరింపు మాత్రమే. కానీ ఎప్పుడు, ఎలా పలకరించాలో నేర్పాల్సి ఉంటుంది.

ఇప్పటికీ పురుగుమందు తాగి ఆస్పత్రికి వచ్చిన వ్యక్తి ప్రాణం నిలిస్తే చాలని కుటుంబం ఇంటికి తీసుకెళ్తుంది. కేసు భయంతో విషయం దాస్తుంది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యతని 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క సంగతి కుటుంబానికి చెప్పగల నర్సు వార్డులో ఉంటే సగం భయం తీరుతుంది.

రైతు ఆత్మహత్యల విచారణదీ ఇదే కథ. 2004 నాటి జీవో 421 నుంచి నేటి వరకు పరిహారం కోసం విచారించేది రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారులే. పట్టా ఉందా, అప్పు ఎంత, పోస్టుమార్టం నివేదిక ఏదన్న ప్రశ్నలు వేస్తారు. ఆ ఇంట్లో మిగిలిన భార్యకు నిద్రపడుతోందా, కొడుకు బడికి వెళ్తున్నాడా, ఇంట్లోకి సీసా వచ్చిందా అన్న ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు.

ఏం నేర్పాలి? ఎవరు నేర్పాలి?

సొంత గడ్డపైనే వనరులున్నాయి. ఉమ్మడి నల్లగొండ పరిధిలోని బీబీనగర్‌లో 2019 నుంచి ఎయిమ్స్ వైద్య విద్య అందిస్తోంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్‌లలో ప్రైవేటు వైద్య కళాశాలలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఒకప్పుడు ఎర్రగడ్డ తప్ప దిక్కులేని ప్రాంతంలో ఇన్ని బోధనాస్పత్రులు వెలిశాయి. ఒక్కో కళాశాల మానసిక వైద్య విభాగం తన జిల్లాలోని ఆరోగ్య కేంద్రాలను దత్తత తీసుకుని నెలకు రెండుసార్లు కేసుల చర్చ నిర్వహించినా పరిస్థితిలో స్పష్టమైన మార్పు వస్తుంది.

పాఠ్యాంశాల్లో మొదటిది ఆస్పత్రిలో చేరే ప్రతి ఒక్కరినీ కల్లు, మద్యం, నిద్రమాత్రల గురించి మందలించకుండా అడగడం. స్త్రీలనూ అడగాలి. కల్లు మగవారి వ్యవహారమనుకుంటే ఈ ప్రాంతం తెలియనట్టే. రెండోది ఆపిన రెండు మూడు రోజుల్లో వచ్చే ప్రమాద సంకేతాలు, మందు తగ్గించే క్రమం. మూడోది దుఃఖానికీ జబ్బుకూ తేడా గుర్తించడం, దుఃఖానికి మాత్ర రాయకపోవడం. నాలుగోది చెప్పిన మాట నాలుగు గోడలు దాటదన్న భరోసా ఇవ్వగలగడం. అందరూ అందరికీ తెలిసిన పల్లెలో ఇది అన్నిటికంటే కష్టమైన పాఠం.

భాషదీ చిన్న సమస్య కాదు. శిక్షణంతా ఇంగ్లిషులో సాగుతుంది. రోగి మాత్రం ‘గుండెల దడ పుడ్తున్నది’, ‘పానం గుంజుతున్నది’, ‘నిద్ర పడ్తలేదు’, ‘మనసు నెమ్మదిగ లేదు’ అంటాడు. ‘కుంగుబాటు ఉందా?’ అని అడిగితే లేదంటాడు. రోగి మాటలోంచి రోగాన్ని పట్టుకోవడం ఏ విదేశీ పుస్తకమూ నేర్పదు. దీనికి ఇక్కడి కేసులతో, ఇక్కడి మాటలతో తెలుగు శిక్షణ సామగ్రి తయారుకావాలి. 2015 నాటి అనుభవమే అందులో తొలి అధ్యాయం కావాలి. నాడు వార్డుల్లో రాత్రింబవళ్లు పనిచేసిన వైద్యులు, నర్సులు నేర్చుకున్నది వారితోనే మరుగునపడితే మరో కల్తీ ఘటనలో కొత్తవారు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. ఆ నేర్చుకోవడానికి మూల్యం చెల్లించేది రోగులు.

వినేవారి మనసు సంగతీ మరువరాదు. రోజూ పదిమంది వేదన వినే కౌన్సిలరుకు ఆ వేదన అంటుకుంటుంది. చాలీచాలని జీతం, ఒప్పంద ఉద్యోగం దానికి తోడైతే వారు నిలవరు. శిక్షణలో తమను తాము కాపాడుకునే పాఠం, సీనియరుతో మనసు విప్పి మాట్లాడుకునే వేళ కూడా భాగం కావాలి.

దాడులతోనే సరా?

వైద్యులకు ఉన్న రోగులను చూడటానికే తీరిక లేదని, శిక్షణల పేరిట వారిని తిప్పితే ఓపీ మూతపడుతుందన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. అందుకే హాలు శిక్షణ కంటే పనిచేసేచోటే నేర్చుకునే పద్ధతి మేలు. కల్తీని అరికడితే చాలు, చికిత్స ఎందుకన్నది మరో వాదన. దాడులు, కేసులు తప్పనిసరే. కానీ కల్తీ ఆగిన మరుసటి రోజే అసలు రోగం బయటపడుతుందని 2015 నిరూపించింది. ఆబ్కారీ శాఖ దాడి చేసే ముందు ఆ ప్రాంత ఆస్పత్రికి ముందస్తు సమాచారం, మందుల నిల్వ, శిక్షణ పొందిన సిబ్బంది ఉండేలా చూడటం కనీస జాగ్రత్త. సరఫరాను ఒక శాఖ ఆపితే, దానివల్ల కుప్పకూలే మనిషిని పట్టుకునే చేయి మరో శాఖ అందించాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్ని సాధించింది. 1997లో నిషేధం సడలిపోయింది. దుకాణం మూయించడం వరకు మహిళలు పోరాడగలిగారు. తాగుడు మానిన మనిషిని నిలబెట్టే వైద్య వ్యవస్థను నాటి ప్రభుత్వాలు పక్కన నిర్మించలేదు. ఆ పాఠాన్ని ఇప్పటికైనా గుర్తుచేసుకోవాలి.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ ద్వారా 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసన విముక్తికి 14446 నంబరు ఉంది. ఫోన్ ఎత్తిన గొంతు ధైర్యం చెబుతుంది. ఆ తర్వాత వెళ్లాల్సిన ఆస్పత్రిలో, ఎదురుగా కూర్చున్న వ్యక్తికి ఏం అడగాలో తెలిసి ఉండాలి. ‘ఎందుకు తాగుతున్నావు?’ అని గద్దించే గొంతుకు, ‘ఏం జరిగింది?’ అని అడిగే గొంతుకు మధ్య తేడా శిక్షణే. చట్టం విధించిన గడువు 2028 మే. ఆలోగా ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ ప్రశ్న అడగగలిగే ఒక్క మనిషినైనా తయారుచేయాల్సిన బాధ్యత పాలకులది, అధికారులది, వైద్య కళాశాలలది.